ఒంటిపూట భోజనం, ఒంటి తలనొప్పి

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. రెండో కాన్పు తర్వాత మొదలైన మైగ్రేన్ తొమ్మిదేళ్లుగా వదలడం లేదు. కుడి కణత దగ్గర సుత్తితో కొట్టినట్టు మొదలవుతుంది, వాంతి అయితే గానీ తెరిపి ఉండదు. వెలుతురు, టీవీ శబ్దం భరించలేను. న్యూరాలజిస్టు చూసి మైగ్రేనే అన్నారు, స్కానింగులో ఏమీ లేదు. గ్యాస్ తలకెక్కుతోందని మా అత్తయ్యగారు, పైత్యమని మా అమ్మ అంటారు. వాట్సాప్‌లో వచ్చిన లిస్టు చూసి ఎనిమిది నెలలుగా పెరుగు, వేరుశనగ, గోంగూర, వంకాయ, టమాటా, చింతపండు, అరటిపండు, చేపలు, చాక్లెట్, పచ్చళ్లు అన్నీ మానేశాను. ఆరు కిలోలు తగ్గాను గానీ తలనొప్పి తగ్గలేదు. రెండు నెలల క్యాలెండర్, నా దినచర్య జత చేస్తున్నాను. ఇంకేం మానెయ్యాలి? నానబెట్టిన ఎండుద్రాక్ష, మెగ్నీషియం మాత్రలు పనిచేస్తాయా? ఈ వేసవిలో ఇంటిల్లిపాదికీ ఆవకాయ కలిపి, నేను మాత్రం రుచి కూడా చూడలేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా అని పిలిచే వయసు నాకుంది కాబట్టి అలాగే పిలుస్తాను. ఇంకేం మానెయ్యాలి అని అడిగారు. మానడానికి మీ కంచంలో ఇంకేం మిగిలిందమ్మా?

మీ ఉత్తరం కంటే మీ క్యాలెండరే నాకు ఎక్కువ విషయాలు చెప్పింది. రెండు నెలల్లో 11 సున్నాలు చుట్టారు. ప్రతి సున్నా పక్కనా అంతకుముందు తిన్న వస్తువు పేరు రాసి దాన్ని బోనెక్కించారు. ఒకచోట కొబ్బరి చట్నీ, ఒకచోట బంగాళాదుంప వేపుడు, పెళ్లికి వెళ్లిన రోజున జీడిపప్పు. ఒక్క నిమిషం ఆ పేర్లను చేత్తో మూసి, వారాలు మాత్రం చూడండి. 5 సున్నాలు ఆదివారం పొద్దున, 3 శనివారం సాయంత్రం, 2 నెలసరికి ముందురోజు. మిగిలిన ఒక్కటి పెళ్లిది. 11లో 8 వారాంతంలోనే పడితే లెక్కల టీచరుగా మీరు పిల్లల్ని ఏం అడుగుతారు? శనివారం ఏం జరుగుతోందనే కదా!

అదీ మీరే రాశారు. శనివారం ఒంటిపూట. పగలంతా కాఫీ మీదే ఉండి, దీపం పెట్టాక 7:30కి టిఫిన్. శుక్రవారం రాత్రి భోజనం 9:30కి. అంటే 22 గంటలు ఖాళీ కడుపు. మామూలు రోజులు దీనికంటే మెరుగే అనుకుంటున్నారేమో. పొద్దున కాఫీ తాగి 7:45 బస్సుకు పరిగెత్తి, మధ్యాహ్నం 12:45కి క్యారేజీ విప్పేదాకా మీ నోట్లోకి ముద్ద పోదు. అదీ 15 గంటలే. ఎనిమిది నెలలుగా మీరు ఏ వస్తువు తినాలా వద్దా అని తూకం వేస్తున్నారు. ఎప్పుడు తింటున్నారో మాత్రం చూసుకోలేదు. నా అంచనాలో మీ తలనొప్పులకు ఎక్కువ భాగం కారణం మీరు తినని పూటలు. దాని వెనకే కాఫీ, ఆ తర్వాత మాత్రలు. ఆ రెండింటి సంగతీ చెబుతాను.

ఆకలికీ తలనొప్పికీ ఉన్న చుట్టరికం మన ఒక్కరిదే కాదు. యూదులు యోమ్ కిప్పూర్ నాడు అన్నం, నీళ్లు రెండూ మానేసి ఉపవాసం ఉంటారు. ఆ రోజు వచ్చే తలనొప్పికి వైద్య పత్రికల్లో యోమ్ కిప్పూర్ తలనొప్పి అనే పేరే పడిపోయింది. రంజాన్ ఉపవాసాల మొదటి రోజుల్లో వచ్చే తలనొప్పి మీద కూడా పరిశోధనలున్నాయి. మైగ్రేన్ ఉన్నవారి మెదడు మార్పుకు ఓర్చుకోదు. నిద్ర, తిండి, కాఫీ, హార్మోన్లు ఏవి అటూ ఇటూ అయినా కసురుకుంటుంది. ఆకలి, నిద్ర, దాహం చూసుకునే హైపోథాలమస్ అనే చిన్న భాగానికి ఇందులో పెద్ద చెయ్యుంది. 2016లో హాంబర్గ్ పరిశోధకులు ఒక మైగ్రేన్ రోగి మెదడును నెల రోజులపాటు రోజూ స్కాన్ చేశారు. నొప్పి మొదలవడానికి ముందురోజే ఆ భాగం తీరు మారడం కనబడింది. చూసింది ఒక్క మనిషినే, నిజమే. కానీ దాంతో మరో చిక్కుముడి కూడా విడిపోతుంది.

ఆ చిక్కుముడి ఏమిటంటే, మైగ్రేన్ నొప్పితో మొదలవ్వదు. కొందరిలో ఒకటి రెండు రోజుల ముందే చప్పుడు లేకుండా వస్తుంది. ఊరికే ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, మాటిమాటికీ మూత్రానికి వెళ్లడం, ఫలానాది తినాలని నాలుక పీకడం. ఆ చివరిది గమనించండి. తీపి మీదికి, చాక్లెట్ మీదికి మనసు పోతుంది, తింటాం. కాసేపటికి నొప్పి వస్తుంది. చాక్లెట్ తిన్నందుకే వచ్చిందని దాని మీద కేసు పెడతాం. అప్పటికే బయలుదేరిన మైగ్రేనే మనచేత చాక్లెట్ తినిపించిందేమోనని ఎవరికీ తట్టదు. 1997లో అమెరికాలో 63 మంది ఆడవాళ్ల మీద దీన్ని పరీక్షించారు. కొన్నిసార్లు చాక్లెట్, కొన్నిసార్లు అదే రుచి వచ్చేలా కేరబ్ కాయల పొడితో చేసిన బిళ్ల ఇచ్చారు. ఏది ఏదో ఇచ్చేవారికీ తెలియదు, తినేవారికీ తెలియదు. తలనొప్పుల్లో తేడా లేదు. చాక్లెట్ తమకు పడదని గట్టిగా నమ్మినవారిలో కూడా.

మీ వాట్సాప్ లిస్టుకు ఒక పాత తాత ఉన్నాడు. 1960ల్లో డిప్రెషన్‌కు వాడే ఒక రకం మందులు వేసుకున్నవారు నిల్వ చీజ్ తింటే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకి, తల పగిలేంత నొప్పి వచ్చేది. చీజ్ మాగేటప్పుడు పుట్టే టైరమైన్ అనే పదార్థం దానికి కారణం. 1967లో ఎడ్డా హానింగ్టన్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు మైగ్రేన్‌లో కూడా ఈ టైరమైన్ పాత్ర ఉందని రాశారు. ఆ తర్వాతి పరీక్షల్లో కొన్ని అవునన్నాయి, చాలా కాదన్నాయి. లిస్టు మాత్రం ఆగలేదు. నిల్వ చీజ్‌తో మొదలై, పులిసినవన్నీ, పుల్లనివన్నీ, ఇంగ్లండులో ఎవరూ చూడని గోంగూర దాకా వచ్చింది! ఇంట్లో రాత్రి తోడేసిన పెరుగుకూ, నెలల తరబడి మాగిన చీజ్‌కూ పోలికే లేదు. చింతపండు చారు, వంకాయ కూర ఏ పాపమూ చెయ్యలేదు.

అలాగని తిండి వల్ల ఎవరికీ రాదని నేననడం లేదు. మద్యం చాలామందికి తెస్తుంది, ముఖ్యంగా రెడ్ వైన్. సాసేజీలు, సలామీల్లో రంగు నిలవడానికి వేసే నైట్రైట్లు కొందరికి పడవు. చల్లటి ఐస్‌క్రీమ్ గబగబా మింగితే నుదురు జివ్వుమనడం మైగ్రేన్ ఉన్నవారిలో ఎక్కువ. నూడుల్స్ బండి దగ్గరి అజినమోటో మీద ఆరోపణలు చాలానే ఉన్నాయి, మామూలుగా వంటలో పడే మోతాదుకు సాక్ష్యం మాత్రం పలచన. వీటిలో ఏదీ మీ దినచర్యలో లేదు కాబట్టి వదిలేద్దాం.

పెళ్లి రోజు సంగతి చూడండి. ముహూర్తం రాత్రి 2:10కి. నిద్ర లేదు. చెవుల పక్కనే బ్యాండు. కళ్లలోకి వీడియో లైట్లు. మరునాడు భోజనం 3 గంటలకు. ఇంత జరిగాక మీరు పాయసంలో నాలుగు జీడిపప్పులు తిన్నారు, శిక్ష వాటికి వేశారు. మూలిగే నక్క మీద తాటిపండు పడిందంటారు కదా, ఆ నక్క అంతకుముందు ఎందుకు మూలుగుతోందో ఎవరూ అడగరు. నెలసరికి ముందు రోజుల్లో ఈస్ట్రోజెన్ పడిపోతుంది, అదే పెద్ద దెబ్బ. ఆ రెండు రోజులూ టిఫిన్ కూడా ఎగ్గొడితే ఇక చెప్పక్కర్లేదు.

ఇక మీ అత్తయ్యగారి గ్యాస్, అమ్మగారి పైత్యం. వాళ్లు చూసింది అబద్ధం కాదు. మైగ్రేన్ వస్తున్నప్పుడు జీర్ణాశయం నెమ్మదిస్తుంది. తిన్నది కిందికి జారదు. అందుకే పొట్ట ఉబ్బరం, తేన్పులు, వికారం, చివరికి వాంతి. తలలో మొదలైంది పొట్టకు దిగుతోంది. వాళ్లు పొట్టలోంచి తలకెక్కిందని తిరగేసి చదివారు, అంతే. మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఇందులోనే ఉంది. పొట్ట కదలనప్పుడు వేసుకున్న మాత్ర కూడా అక్కడే కూర్చుంటుంది. ఓర్చుకుని ఓర్చుకుని రెండు గంటల తర్వాత వేసుకున్న మాత్ర పనిచెయ్యలేదని మీరు రాసింది బహుశా అందుకే. నొప్పి మొదలైన తొలి అరగంటలోనే వేసుకోవాలా, వికారానికి మందు కూడా కలపాలా అని మీ డాక్టర్ని అడగండి.

మాత్రల దగ్గరే ఇంకొక్క మాట. ఈ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కంగారుపెట్టింది ఇదే. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర, దాని వెనక కెఫీన్ అని కూడా ఉందన్నారు, నెలకు 11, 12 రోజులు వేసుకుంటున్నారు. వస్తుందేమోనన్న భయంతో వేసుకునేవి కూడా అందులో ఉన్నాయి. ఇలా రెండు మూడు మందులు కలిసిన నొప్పి మాత్రలు నెలకు 10 రోజులు లేదా అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. ఒట్టి పారాసిటమాల్ లాంటిదయితే ఆ గీత 15 రోజుల దగ్గర ఉంటుంది. మీరు గీత దాటారు. ఏ పథ్యమూ దీన్ని గెలవలేదు. నెలకు ఐదారుసార్లు వస్తున్నప్పుడు రాకుండా ఆపే మందులు వేరే ఉంటాయి, రోజూ కొన్ని నెలలు వాడేవి. ఆ న్యూరాలజిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈ క్యాలెండర్ ఆయన ముందు పెట్టి, మాత్రలు వేసుకున్న రోజులు దాచకుండా చెప్పండి. కోరకుండానే ఆరు కిలోలు తగ్గారన్నది కూడా చెప్పండి. హిమోగ్లోబిన్ ఒకసారి చూపించుకోండి.

ఇప్పుడు కాఫీ. నేనూ కాఫీ మనిషినే, మైగ్రేన్ మనిషినే. కాబట్టి మానెయ్యమని చెప్పే నోరు నాకు లేదు. మీకు మామూలు రోజుల్లో రెండు ఫిల్టర్ కాఫీలు, స్టాఫ్ రూములో ఒక టీ. శనివారం ఆకలి తెలియకుండా ఐదు కాఫీలు, చివరిది సాయంత్రం 6కి. ఆదివారం ఆలస్యంగా లేచి, తలస్నానం, పూజ అయ్యాక 10కి కాఫీ. ఐదు కాఫీలకు అలవాటుపడిన మెదడు 16 గంటలు ఎండబెట్టినట్టయింది. కెఫీన్ అందకపోతే వచ్చే తలనొప్పి సాధారణంగా 12 నుంచి 24 గంటల మధ్య మొదలవుతుంది. మీ ఆదివారం సున్నాలు సరిగ్గా ఆ వేళకే ఉన్నాయి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. రోజుకు 300 దాటొద్దని ఆ సంస్థ మాట. మైగ్రేన్ ఉన్నవారికి 200 దగ్గర ఆగడం మేలు. 2019లో బోస్టన్ పరిశోధకులు 98 మంది మైగ్రేన్ రోగుల చేత ఆరు వారాలు డైరీ రాయించారు. కెఫీన్ ఉన్న పానీయాలు ఒకటి రెండు తాగిన రోజున తేడా కనబడలేదు. మూడూ, ఆపైన తాగిన రోజున మైగ్రేన్ వచ్చే అవకాశం పెరిగింది. కాబట్టి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఏడు రోజులూ ఒకే వేళకు, ఆదివారం కూడా. కాఫీ తాగి మళ్లీ పడుకుంటే ఎవరు కాదంటారు? స్టాఫ్ రూము టీని ఒక్కసారి తెంచకండి. వారానికి కొంత చొప్పున తగ్గించండి, లేకపోతే ఆ తగ్గింపే ఇంకో తలనొప్పి.

తిండి వేళల సంగతికి వస్తాను. నిద్ర లేచిన గంటలోపు ఏదో ఒకటి పడాలి. రెండు ఇడ్లీలు చాలు. రాత్రి అన్నంలో పాలు పోసి తోడేసిన చద్దన్నం ఇంకా మంచిది, దానికి ఉదయం వండే పని కూడా లేదు. అదీ కుదరని రోజున ఒక గుడ్డు, ఒక అరటిపండు బస్సులో తినండి. అవును, అరటిపండే. స్కూల్లో 10:30 బెల్లుకు గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు. రాత్రి భోజనం 8:30కి జరపగలిగితే జరపండి. నీళ్ల సీసా టేబుల్ మీద కనబడేలా ఉండాలి. స్కూల్లో బాత్రూము బాగుండదని నీళ్లు తాగడం మానేసే టీచర్లు నాకు చాలామంది తెలుసు, మీరూ ఆ కోవలోనే ఉన్నారేమో చూసుకోండి.

శనివారం మానెయ్యమంటే మీ మనసు ఒప్పుకోదని తెలుసు. కార్తీక సోమవారాలు నక్షత్రం చూసేదాకా ఉంటానని కూడా రాశారు. అనారోగ్యం ఉన్నవారికి మన పెద్దలే మినహాయింపు ఇచ్చారు. ఫలహారం అనే మాట ఎందుకు పుట్టింది మరి? అన్నం మానండి, పొద్దున పాలు, పళ్లు, మధ్యాహ్నం అటుకులు, మజ్జిగ, నడుమ కొబ్బరినీళ్లు తీసుకుంటూ ఉపవాసం చెయ్యండి. నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీ పెట్టకండి. ఆకలిని కాఫీతో మోసం చెయ్యడం మాత్రం ఆపాలి. ఏ దేవుడికీ అది నివేదన కాదు.

మెగ్నీషియం అడిగారు. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2012 మార్గదర్శకాల్లో మైగ్రేన్ నివారణకు మెగ్నీషియం, బి2 విటమిన్ (రైబోఫ్లేవిన్) బహుశా పనిచేస్తాయి అనే వరుసలో ఉన్నాయి. బి2ను పరీక్షల్లో రోజుకు 400 మిల్లీగ్రాములు, మూడు నెలలు ఇచ్చారు. తిండిలోంచి అంత మోతాదు రాదు, అందుకే అది మందు కిందే లెక్క. మూత్రం పసుపుపచ్చగా వస్తే కంగారుపడొద్దు. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలు అవుతాయి, కిడ్నీ జబ్బు ఉన్నవారు సొంతంగా వాడకూడదు. డాక్టరును అడిగే వేసుకోండి. అయితే తమాషా చూడండి. మెగ్నీషియం ఉండే వేరుశనగపప్పు, గోంగూర లాంటి ఆకుకూరలు మానేసి మెగ్నీషియం మాత్ర గురించి అడుగుతున్నారు! వాటిని ఇంటికి పిలవండి. రాగులు, సజ్జలు, నువ్వులు, గుమ్మడి గింజలు తోడుగా పిలవండి. నానబెట్టిన ఎండుద్రాక్ష పొద్దున్నే ఖాళీ కడుపున తిన్నవారికి తగ్గితే, ద్రాక్ష మహిమ కంటే పొద్దున్నే ఏదో ఒకటి తిన్న మహిమ ఎక్కువని నా అనుమానం. తినండి, నష్టం లేదు.

చేపలు మానెయ్యడం మాత్రం నాకు నచ్చలేదు. తిండితో మైగ్రేన్ తగ్గించవచ్చని చూపిన మంచి పరీక్షల్లో ఒకటి చేపలదే. 2021లో వెలువడిన ఆ అమెరికా పరీక్షలో 182 మంది ఉన్నారు. 16 వారాలు. ఒక జట్టుకు ఒమేగా-3 ఎక్కువుండే చేపలు పెంచారు. ఇంకో జట్టుకు చేపలు పెంచడంతో పాటు కొన్ని వంటనూనెల్లో దండిగా ఉండే లినోలియిక్ ఆమ్లం బాగా తగ్గించారు. మూడో జట్టుకు అక్కడివారి మామూలు తిండి. ఆ మూడో జట్టుతో పోలిస్తే మొదటి జట్టులో తలనొప్పి రోజులు నెలకు సుమారు రెండు, రెండో జట్టులో నాలుగు తగ్గాయి. మన వంటింట్లో లినోలియిక్ ఆమ్లం ఎక్కువున్న నూనె సన్‌ఫ్లవర్. దాన్ని విషమనడం లేదు. వేపుళ్లు, బజ్జీలు తగ్గిస్తే అది దానంతటదే తగ్గుతుంది.

చేపలంటే పులసే కానక్కర్లేదు, ఆస్తులు అమ్ముకోనక్కర్లేదు. నిజాంపట్నం వైపు నుంచి వచ్చే కవళ్లు, కానగంతలు చవకా, ఒమేగా-3 కూడా దండిగా. కానగంత శాస్త్రీయ నామంలోని కనగుర్త అనే మాట మన విశాఖ తీరం జాలరుల నోటి నుంచి వెళ్లిందే. 1803లో ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో స్థానిక పేరు అలాగే రాసుకున్నాడు, ప్రపంచం దాన్నే ఉంచేసుకుంది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి. వేపితే మళ్లీ నూనె దగ్గరికే వస్తాం. శాకాహారులు ఈ జవాబు చదువుతుంటే, అవిసె గింజలు మంచివే గానీ వాటిలోని ఒమేగా-3 శరీరంలో చేప నూనె రకంగా మారేది కొద్దిగానే.

ఒక హెచ్చరిక వేరుగా చెప్పాలి. ఎప్పుడూ లేనంత నొప్పి క్షణాల్లో విరుచుకుపడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, ఒక చెయ్యి కాలు పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక వచ్చినా మైగ్రేనే కదా అని పడుకోకండి. ఆసుపత్రికి వెళ్లండి.

చివరికి ఆవకాయ. దాన్ని నేను నిర్దోషి అని ప్రకటించడం కంటే మీరే విచారణ చెయ్యడం బాగుంటుంది. కాకపోతే ఈసారి విచారణ సరిగ్గా జరగాలి. ముందు ఒక నెల పాటు తిండి, కాఫీ, నిద్ర వేళలు సర్దుకోండి. మానేసిన వాటిని వారానికి ఒకటి చొప్పున తిరిగి తెచ్చుకోండి, పెరుగుతో మొదలుపెట్టి. క్యాలెండరులో తిన్న వస్తువు ఒక్కటే కాకుండా వేళ, నిద్రపోయిన గంటలు, నెలసరి, మాత్ర అన్నీ రాయండి. తలనొప్పి రాని రోజులకు కూడా రాయాలి. కొబ్బరి చట్నీ తిని హాయిగా ఉన్న రోజులు ఎన్నో మీ పాత లెక్కలో లేవు, అక్కడే మార్కులు పోయాయి. ఆవకాయకు శని, ఆదివారాలు వద్దు, నెలసరి ముందు రోజులు వద్దు. బుధవారం అయితే మంచిది. పొద్దున టిఫిన్ తిని, కాఫీ వేళకు తాగి, మధ్యాహ్నం క్యారేజీలో వేడన్నం చల్లారకముందే ఒక ముక్క, కాస్త నెయ్యి. మరునాటి మధ్యాహ్నం దాకా చూడండి. ఇలా మూడు బుధవారాలు. మూడింట్లో రెండుసార్లు నొప్పి వస్తే ఆ జాడీ మీ ఆయనకు, పిల్లలకు వదిలేద్దురుగాని. రాకపోతే నాలుగో బుధవారం రెండో ముక్క కూడా వేసుకోండి.